గంబూట్లు, మీగడ రంగు చీర

వానంటే నాకు పరమ అసహ్యం. వానను మెచ్చుకునేవాళ్లను ఒక్క ఆషాఢమాసం గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు నిలబెట్టాలి. ఓపెన్‌కాస్టు గని వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము తడిసి, నల్లటి జావలా గల్లీ అంతా పేరుకుంటుంది. అడుగు వేస్తే పిక్కల దాకా చిందుతుంది. అందుకే మా గల్లీ ఆడవాళ్లం వానకాలమంతా ముదురు రంగులే కడతాం. నేవీ బ్లూ, మెరూన్, మళ్లీ నేవీ బ్లూ. ఛీ, ఏం బతుకు!

కాబట్టి హైదరాబాదు చూసొద్దామని మా ఆయన సెలవు పెట్టగానే, బీరువాలోంచి మీగడ రంగు చీర తీశాను. పెళ్లిళ్లకు తప్ప దాని మడత విప్పింది లేదు. బొగ్గు లేని ఊళ్లో, వాన పడితే పడనీ, ఒక్కరోజు తెల్లగా తిరగాలి. నాకు కావలసింది అదొక్కటే. పక్క క్వార్టర్ వదిన చూసి నవ్వింది.

“గీ వానల గా చీరేంది వదినా? పెండ్లికి పోతున్నవా?”

“ఆడ బొగ్గు లేదు గదా,” అన్నాను.

చీరకు తగ్గట్టు సన్న పట్టీల చెప్పులు కూడా కొన్నాను. అంతలో మా ఆయన వరండాలోంచి గంబూట్లు తెచ్చి తుడవడం మొదలుపెట్టాడు. గనిలో నీళ్లున్న చోట పనిచేసేవాళ్లకు కంపెనీ ఇచ్చే నల్ల రబ్బరు బూట్లవి. చెమట, రబ్బరు, గని నీళ్లు కలిసి పులిసిన ఆ వాసన మా ఇంట్లోంచి ఏనాడూ పోదు. ఆయన కాలి వేళ్ల సందులు ఎప్పుడూ ఒరిసి పుండ్లు పడి, తెల్లగా నాని ఉంటాయి. రాత్రి మందు రాసుకుంటాడు, పొద్దున షిఫ్టుకు పోయి మళ్లీ ఆ నీళ్లలోనే నిలబడతాడు.

“సక్కగ చెప్పులేసుకో. మందిల ఇజ్జత్ పోతది,” అన్నాను.

“కంపెనీ బూట్లే ఇవి. చుక్క నీళ్లు లోపలికి పోవు. నీకెందుకు ఫికర్?”

మా దగ్గర మగవాళ్లందరికీ ఇదే జబ్బు. కంపెనీ ఇచ్చిందంటే చాలు, పొలానికీ అదే, చేపలు పట్టడానికీ అదే. గొణిగి గొణిగి ఊరుకున్నాను.

రైలు దిగేసరికి అక్కడా వానే. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ముందు నేను, టపటపమంటూ వెనక ఆయన. సిటీ బస్సులో ఒకమ్మాయి మా వైపు చూసి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ముందు గుట్ట మీది తెల్లరాయి గుడికి వెళ్లాం. చెప్పులు కిందే విడవాలి.

“నువ్వు చూసి రాపో. నేనీడనే ఉంట,” అన్నాడాయన.

“బూట్లు ఇడిస్తె ఏమైతది?”

“మోకాళ్లు నొస్తున్నయే. నువ్వు పో.”

గనిలోకి దిగి ఎక్కే మనిషికి నాలుగు మెట్లకే మోకాళ్ల నొప్పులట! ఆయన్ను వానలో కిందే వదిలి, ఒక్కదాన్నే పైకి వెళ్లాను. పాదాల కింద రాయి చల్లగా, శుభ్రంగా ఉంది. చీర అంచుకు ఒక్క మరక లేదు. ఎంత బాగుందో! కాని చూసి బాగుందనడానికి పక్కన మనిషి లేడని ఒళ్లు మండింది.

చార్మినార్ దగ్గర దిగేసరికి వాన ముంచెత్తింది. మోరీలు పొంగి రోడ్డంతా మోకాళ్ల లోతు మురుగు. అరటితొక్కలు, ప్లాస్టిక్ సంచులు, చెప్పుకోకూడనివేవో నా కాళ్లకు తగులుతూ పోతున్నాయి. థూ! మా ఊరి నల్ల బురదే దీనికంటే నయం. చెప్పు పట్టీ తెగి, ఒక చెప్పు ఎటో కొట్టుకుపోయింది. కుచ్చిళ్లు కాళ్లకు జిగటగా అంటుకున్నాయి. ఎలాగో బస్టాపు అరుగెక్కాం.

అప్పుడు వినపడింది, ఆయన అడుగు వేసినప్పుడల్లా బూట్లలో గుడగుడమని. మురుగు పై అంచు మీంచి లోపలికి పోయి బూట్ల నిండా చేరింది.

“బూట్లు తియ్యి,” అన్నాను.

“ఇంటికి పోయినంక తీస్త.”

“తియ్యవయ్యా! పుండ్ల మీద గా మోరి నీళ్లా? కాళ్లు కుళ్లిపోతయ్!”

బస్టాపులో అందరూ చూస్తున్నారు. ఆయన తల వంచుకుని, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు.

“గందుకే చెప్పులేసుకోలే. నువ్వు గంత మంచిగ తయారై నడుస్తుంటె, పక్కపొంటి నేను గీ ఒరిసిన కాళ్లు అందరికి చూపెట్టుకుంట ఎట్ల రావాలె?”

గుడి కింద వానలో ఎందుకు నిలబడ్డాడో అప్పుడర్థమైంది. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ తడి అరుగు మీదే చతికిలబడి బూటు పట్టి లాగాను. మురుగంతా నా ఒళ్లో పడింది. ఆ కంపుకు ఓకరింపు వచ్చింది. వేళ్ల సందులు తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. తాగడానికి తెచ్చుకున్న నీళ్లతో పాదం కడిగాను. చీరలో శుభ్రంగా మిగిలింది కొంగొక్కటే. దాంతో ఒక్కో వేలి సందూ ఒత్తి తుడిచాను.

“ఏయ్, చీర ఖరాబైతది,” అంటూ కాలు వెనక్కి లాక్కోబోయాడు.

“కదలకు,” అన్నాను. “ఛీ, ఏం వాసనయ్యా ఇది! ఇంకో కాలియ్యి.”