మళ్ళీగారి నలభై ఒకటో పరీక్ష

మా ప్రయోగశాల పెద్దాయనకు ఒకటే జబ్బు. పరీక్ష నెగ్గితే "మళ్ళీ చెయ్యండి" అంటారు. ఓడితే ఎవరైనా అంటారు, ఈయన నెగ్గినా అంటారు. అందుకే చాటుగా ఆయన్ని మళ్ళీగారు అనుకునేవాళ్ళం. వాళ్ళావిడ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, ఇంకో ముద్ద తిని చెబుతానంటూ గిన్నె ఖాళీ చేసేవారట.

మా పని ఇసుక రేణువుకన్నా సన్నని పూసలతో. మెదడులోనో వెన్నులోనో రక్తనాళాలు చిక్కుపడితే, డాక్టర్లు సన్నని గొట్టంలోంచి ఈ పూసలు పంపి ఆ చిక్కును మూసేస్తారు. పూస చిక్కు దాటి మంచి నాళంలోకి జారిందా, మనిషికి మాటో చెయ్యో పడిపోతుంది. అందుకే ముందు గాజు నాళాల్లో ఎర్రనీళ్ళు పారించి, పూసలు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తాం.

ఆ వారం కొత్త పూసలు తయారయ్యాయి. ఒక లెక్కల టీచరమ్మకు మర్నాడే మెదడు ఆపరేషను. డాక్టరు గంటకోసారి ఫోను.

"సార్, నలభైసార్లు నెగ్గింది."

"మళ్ళీ చెయ్యమ్మా."

"ఏమిటి సార్ అనుమానం?"

"ఒక్క అనుమానమూ రావడం లేదు. అదే నా అనుమానం."

పళ్ళు నూరుకుంటూ చేశాను. చిక్కు అవతల, మంచి నాళంలో, తెల్లటి చుక్క. మరీ సన్నవి రాలిపోవాలని పూసలు జల్లించింది నేనే. జల్లెడ తీసి చూస్తే అంచున కన్నాలు కొన్ని పూడుకుపోయి ఉన్నాయి; సన్నపూసలు రాలకుండా మంచివాటిలోనే ఉండిపోయాయి.

సంస్థ డైరెక్టరు కోపంతో ఊగిపోతూ వచ్చారు. "జల్లించింది ఎవరు?"

నేను నోరు తెరిచేలోగా మళ్ళీగారు అన్నారు: "చివరి సంతకం నాదండీ. జల్లెడ చూసుకోవలసింది నేను."

ఆపరేషను వారం వాయిదా పడింది. మళ్ళీ తయారుచేసిన పూసలకు మళ్ళీగారు అరవై పరీక్షలు చేయించారు. ఈసారి ఎవరూ సణగలేదు. ఆపరేషను రోజు అందరం ఫోను చుట్టూ చేరి, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాం. సాయంత్రానికి డాక్టరు ఫోను చేశారు.

"టీచరమ్మ బాగున్నారు. మాట్లాడుతున్నారు. నర్సు మాత్రల లెక్క తప్పితే సరిదిద్దారు కూడా."

పదిరోజులకు టీచరమ్మ భర్త మా గదికొచ్చారు. "మీ పెద్దాయనేరీ? వాయిదా పడిన రోజు ఇంటికొచ్చి, కారణం చెప్పి, మా ఆవిడకు ధైర్యం చెప్పారు."

"మాకు చెప్పనేలేదండీ."

"సరిగా చెప్పానో లేదోనని మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. నాలుగో రోజు మా ఆవిడే ఆయనకి ధైర్యం చెప్పి పంపించింది."