ఎర్రదా, నీలందా

మెకానిక్ మావయ్యకు ఒక్క బండి గురించి మాట్లాడటం చేతకాదు. పక్కన ఇంకో బండిని నిలబెట్టి రెండింటికీ తగవు పెడితే గానీ ఆయనకు తిన్నది అరగదు. పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చుని కూడా, రెండు రేసు బండ్ల బ్రేకుల తేడా చేతి సైగలతో చెప్పిన మనిషి. డాక్టరు పన్ను సంగతి మరిచిపోయి, చివరికి ఏది కొనుక్కోమంటారని అడిగాడట.

ఈసారి షెడ్డులో ఒక ఎర్ర బండి, ఒక నీలం బండి చేరాయి. మేనకోడలు టీ తెచ్చిన పాపానికి ఆయన మొదలుపెట్టాడు.

"ఎర్రది అచ్చం మీ పెద్దమ్మే. నెమ్మదిగా పోతున్నంతసేపూ నోరు మెదపదు. ఇంజను ఊపందుకుందా, ఇల్లు పీకి పందిరేస్తుంది. నీలంది మీ నాన్న. అడిగిన పని వెంటనే చేస్తుంది, కానీ యాక్సిలరేటర్ వదిలావో, అలిగి ఆగిపోబోతుంది."

ఆమె నవ్వింది గానీ బండ్ల దగ్గరికి పోలేదు. నిరుడు రేసులో మలుపు దగ్గర పడి భుజం విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది, భయం మాత్రం పోలేదు. బండి కనబడితే చాలు, పక్కకు తప్పుకునేది. రేసు జట్టులో తన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని లోలోపల కుమిలిపోయేది.

మావయ్య తల పట్టుకున్నాడు. "మలుపులో ఏది మాట వింటుందో నాకు తేలట్లేదమ్మాయ్. వెనక మైదానంలో మెల్లగా ఒక్క చుట్టు తిప్పి చెప్పు."

ఆయన పోరు పడలేక నీలందాన్ని నడక వేగంతో తిప్పి, ఇదే నయమంది. ఎర్రదాన్ని ఎక్కకుండా తీర్పేమిటన్నాడు. మర్నాడు అదీ ఎక్కింది. టైర్లు మార్చాను, పాత తీర్పు చెల్లదన్నాడు. ఆపైన పెట్రోలు సగమే ఉందన్నాడు. ఆపైన గాలి ఎదురుగా వీచిందన్నాడు. ఆమెకు ఒళ్ళు మండి, ఈయన నోరు మూయించాలని రోజురోజుకీ వేగం పెంచింది. ఒక సాయంత్రం మోకాలు నేలను తాకేంతగా వాలి మలుపు తిరిగొచ్చి, ఎర్రదాని ముందు చక్రం సస్పెన్షన్ మెత్తగా ఉందని ఆయన మీద విరుచుకుపడింది. భయపడటం మరిచిపోయానని ఆమెకు అప్పుడు తట్టింది.

అక్కడే ఉన్న అత్తయ్య విస్తుపోయింది. "ఇంకా తేలకపోవడమేంటే? నీలందే మంచిదని, బండ్లొచ్చిన రోజే మీ మావయ్య నా చెవిలో జోరీగలా పోరు పెట్టాడుగా."

మావయ్య చటుక్కున బండి కిందికి వంగి, బిగించి ఉన్న నట్టునే మళ్ళీ బిగించసాగాడు. ఆమెకు ఆ మనిషి మీద పట్టరాని ప్రేమ పుట్టింది. ఆ మాట చెబితే ఆయన సిగ్గుతో చస్తాడు. హెల్మెట్ తీయకుండానే అంది:

"మావయ్యా, జట్టు దగ్గరికి వెళ్తున్నాను. ఈ ఏడు వాళ్ళకి కొత్తగా పసుపు బండొచ్చిందట. దాన్ని దేంతో పోల్చాలో నాకు తేలట్లేదు."

ఆమె మాట పూర్తయ్యేలోపు ఆయన తనూ వస్తానంటూ బయటికొచ్చి షెడ్డు షట్టరు దించేశాడు. అత్తయ్య ఇంకా లోపలే ఉంది.