నీళ్లలాంటి డీజిల్

పెళ్లయిన కొత్తలో మా ఆయన తోలే లారీ ఒకసారి ఎక్కాను. మా రూపనగుడి దాటకముందే డీజిల్ పొగకు కడుపులో తిప్పి, రోడ్డు పక్కన దిగి వాంతి చేసుకున్నాను. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా మళ్లీ ఎక్కలేదు.

పోయిన చలికాలంలో కంపెనీవాళ్లు ఆయన లారీతో కలిపి కొన్ని లారీల్లో కొత్తరకం డీజిల్ పోసి చూశారు. ఆయన ఒక సీసాలో కొంచెం తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఏందప్పా ఇది, నీళ్లా?"

"డీజిలే మే. ముడినూనెతో కాదంట, భూమిలోంచి వచ్చే గ్యాసుతో చేసినారంట. పొగ శానా తక్కువ. వాసన సూడు."

మూత తీశాను. కరిగిన కొవ్వొత్తి వాసన, అదీ లీలగా వచ్చింది.

"రేపు కూరెకుప్పకు పోతాండా. వస్తావా?"

మర్నాడు పొద్దున్నే భయపడుతూనే ఎక్కి, నిమ్మకాయ ఒకటి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. దాని అవసరమే రాలేదు. మంచులో జొన్నచేలు, వాటి వెనక ఎర్రటి గుట్టలు మెల్లగా జరిగిపోతున్నాయి. ఆయన ఏదో కన్నడ పాట సన్నగా పాడుకుంటున్నాడు. ఈయన రోజూ చూసే దారి ఇంత బాగుంటుందా అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. నిద్రలోనూ ఆ గుట్టలు నాతోపాటే వస్తున్నట్టుంది.

"లెయ్ మే, కూరెకుప్ప వచ్చింది."

"అప్పుడేనా? ఇంగా కొంచెం దూరం పోదాం" అన్నాను. ఆయన నవ్వాడు.

ఆ డీజిల్ అయిపోయింది, మళ్లీ రాలేదు. నేనూ లారీ ఎక్కలేదు. కానీ సాయంత్రం ఆయన దారి కబుర్లు చెబుతుంటే, ఇప్పుడు అన్నీ నా కళ్లకు కడతాయి.