వంటావార్పు నాడు అమ్మ అడిగిన నిధులు

మా ఆఫీసు క్యాంటీన్‌లో కిచిడీకి తాలింపు పడగానే, ఆ నెయ్యీ జీలకర్రా కలిసిన వాసనకు నా మనసు చటుక్కున తెలంగాణ ఉద్యమం రోజుల ఖాజాగూడకు వెళ్ళి కూర్చుంటుంది.

కడప నుంచి వచ్చి ఆ ఊళ్ళో కిరాయికి ఉండేవాళ్ళం. వానలు వెనకబట్టేసరికి బండల సందుల్లో సీతాఫలాలు పగిలి ఘుమఘుమలాడేవి, చెరువుగట్టున తంగేడు విరగబూసేది, బంద్ అంటే బడి ఉండదు గనుక ఖాళీ రోడ్డు మీద పొద్దుగూకేదాకా ఏడుపెంకులాట ఆడేవాళ్ళం. మా చెల్లి రమకు పుట్టుచెవుడు. బంతి వస్తోందని అరిచినా వినబడదు, అయినా దాన్ని కొట్టి ఔట్ చేసినవాడు లేడు, గడుగ్గాయి!

మా సర్కారు బడిలో చదువులో నేను ఫస్టు. రమలాంటి పిల్లల కోసం వేరే టీచరమ్మ వారానికి రెండుసార్లు వచ్చి, ఒక చిన్న గదిలో అద్దం ముందు కూర్చోబెట్టి, పెదాలు చూసి మాట పట్టడం, పలకడం నేర్పేది. ఆ ఏడు హెడ్మాస్టరు సారు ఆ పిల్లలకని వచ్చిన డబ్బునూ, ఆ గదినీ చురుకైన పిల్లల గురుకులం పరీక్ష కోచింగుకు మళ్ళించారు. సీట్లొస్తే బడికి పేరొస్తుందని ఆయన ఆశ. కోచింగుకు ముందు పిలిచింది నన్నే, ఎగిరి గంతేశాను. టీచరమ్మ రాక ఆగిపోయింది. రమ ఆ గది మెట్టు మీద ఊరికే కూర్చునేది, వచ్చీరాని నాలుగు మాటలూ మళ్ళీ మరిచిపోసాగింది.

ఒక బంద్ నాడు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, పెద్ద గిన్నెల్లో పొగలుగక్కే కిచిడీ, అందులోకి ఖట్టా అనే పుల్లటి పులుసు, డప్పులు. గరిటె పట్టి వడ్డిస్తున్నది మా హెడ్మాస్టరు సారే. "మా నిధులు మాకే!" అని గొంతు చించుకుంటూ, మధ్యలో "జర ఖట్టా పోయించుకో బిడ్డా" అని బతిమాలేవారు. అవతలి వైపు నుంచి వచ్చినవాళ్ళమని మాకు కాస్త బెరుకే. అయినా అమ్మ రమ చెయ్యి పట్టుకుని వరుసలోకి నడిచింది.

"సార్, మీ నిధులు మీకే కావల్లంటాండారు, న్యాయమే. మరి మా చిన్నదాని నిధులు దానికి ఇయ్యరా?"

డప్పు ఆగింది.

"ఏందమ్మా, గిట్ల నలుగురిల అడుగుతవ్?" అన్నారు సారు నెమ్మదిగా.

"ఆమె అడిగిన దాంట్ల తప్పేముంది సారూ?" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

సారు నవ్వబోయి నవ్వలేక, రమ విస్తట్లో ఇంకో గరిటె వేశారు. "బడి తెరిచినంక గది ఇచ్చేస్త. టీచరమ్మను పిలిపిస్త. ఫికర్ చెయ్యకు."

అన్నమాట నిలబెట్టుకున్నారు. కోచింగు ఆగింది, నాకు సీటు రాలేదు. కుళ్ళి కుళ్ళి ఏడ్చాను, చాన్నాళ్ళు అమ్మతో మాట్లాడలేదు. "నీకు చెవులుండాయి గదమే, యాడైనా చదువుకుంటావు" అనేది అమ్మ. అలాగే చదువుకున్నాను. రమ ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది. పెదాలు కదిలితే చాలు, దాని దగ్గర రహస్యం దాగదు.

తెలంగాణ వచ్చింది. పొయ్యిలు పెట్టిన ఆ చౌరస్తా ఏదో ఇప్పుడు నేనే పోల్చుకోలేను. మొన్న మా కంపెనీ తరఫున సాయం చేద్దామని ఆ బడికే వెళ్ళాం. కొత్త హెడ్మాస్టరు కోచింగుకు కంప్యూటర్లు అడిగారు. రమలాంటి పిల్లలకు చెప్పే టీచరు ఏరీ అన్నాను.

"పోస్టు ఖాళీ మేడం."

"తల్లులెవరూ వచ్చి అడగరా?"

"ఎందుకడుగుతరు మేడం? ఆ పిల్లల్ని ఇంట్లనే ఉంచుకుంటున్నరు."