నెబ్యులా కోసం ఆపించిన క్రిస్మస్ స్టారు

ఇవాళ పొద్దున్నుంచి మబ్బు లేదు. కళ్లంలో ధాన్యం తిరగేసి ఆరబెట్టి, సాయంత్రానికి రాశి చేసి బరకాలు కప్పాం. చీకటి పడగానే డాబా మీద టెలిస్కోపు పెట్టాను. మనకు పొరుగునున్న త్రికోణ గెలాక్సీలో కొత్త నక్షత్రాల గుంపుల చుట్టూ వెలిగే వాయువుల మేఘం, ఒక నెబ్యులా ఉంది. చంద్రుడు రాకముందే దాన్ని చూడాలి. ఈలోగా పక్క డాబా మీద కరుణ టీచర్ గారు క్రిస్మస్ స్టారు వెలిగించారు. ఆ వెలుగంతా నా కళ్లలోనే పడింది.

"ఓ అరగంట స్టారు ఆపుతారా అండి?" అని పిట్టగోడ మీంచి అడిగాను.

"బావుందండీ! నక్షత్రాలు చూడ్డానికి స్టారు ఆపమంటారా? ఇవాళ క్యారల్స్ వాళ్లొస్తారు. చీకటిగా ఉంటే మా ఇల్లు దాటేసి పోతారు."

"వీధి మొదట్లో డప్పు వినపడగానే వేసేద్దురు గాని. మీరూ వచ్చి చూడండి."

ఆపి వచ్చారు. గెలాక్సీ పల్చటి మసకలా, దాని అంచున నెబ్యులా చిన్న తెల్లటి ముద్దలా కనిపించాయి.

"ఇంతేనా అండి? కళ్లజోడు మీద మరకనుకున్నా," అన్నారు టీచర్ గారు. కన్ను మాత్రం తియ్యలేదు.

ఆ మరక వెలుగు ఇక్కడికి రావడానికి లక్షల ఏళ్లు పట్టింది. దానికోసం అరగంట స్టారు ఆపించడం దండగంటారా? నేననను.

ఏడున్నరకి డప్పు వినపడింది. టీచర్ గారు గబగబా మెట్లు దిగి వెళ్లిపోయారు.