నీళ్ళ రుచి చూసిన దొర

నాన్న పోయాక ఆయన వస్తువుల్లో నేను అడిగి తీసుకున్నది ఒక్కటే, ఒక రూళ్ళ నోటుపుస్తకం. అట్ట మీద ఏమీ రాసి లేదు. లోపల ఒక ఇంగ్లీషు దొర ప్రయాణం ఉంది.

తొంభైల చివరి సంగతి. నాన్న నరసాపురం కాలువ మీద ఒక లాకు దగ్గర, తలుపులు ఎత్తి దించి నీళ్ళూ పడవలూ వదిలే చోట, ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అప్పటికి నేను రాజమండ్రిలో కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అమ్మా, ఆయనా వచ్చి నా దగ్గరే ఉండేవారు. నాన్నకి కళ్ళలో శుక్లాలు. ఆపరేషనంటే భయం. తన చేత్తో పెద్దపెద్ద అక్షరాలు రాయగలరు కానీ అచ్చు చదవలేరు. ఆదివారాలు నాతో లైబ్రరీకి వచ్చి, పేపర్ల బల్ల దగ్గర ఊరికే కూర్చునేవారు.

ఆ లైబ్రరీ వెనక గదిలో నూరేళ్ళు దాటిన వారపత్రికల బైండ్లు కొన్ని ఉండేవి. ఒకరోజు ఆయనకి తోచడం లేదని ఒకటి తీసి పైకి చదివాను. దొర అందులో ఉన్నాడు.

ఏ ఉద్యోగమూ లేని దొర. విజ్జేశ్వరం దగ్గర చిన్న పడవెక్కి నరసాపురం దాకా కాలువలోనే వెళ్తానని బయల్దేరాడు. ప్రతి లాకు దగ్గరా పడవ ఆపించి, వెండి చెంచాతో కాలువ నీళ్ళు తాగి, రుచి రాసుకునేవాడు. తను ఎండలో కూర్చుని, గొడుగు కుక్కకి పట్టించేవాడు. పత్రికవాళ్ళు వారం వారం ఆయన్ని వెక్కిరిస్తూ నాలుగు ముక్కలు వేసేవారు. ఒక లాకు దగ్గర నీళ్ళు తామరకాడల వాసన వేశాయన్నాడని రాసి, ఆ మాట మీద బాగా నవ్వుకున్నారు.

నాన్న నవ్వలేదు. "నిజమేనమ్మా. తామరచెరువు నీళ్ళు వచ్చి కలిసేది అక్కడే" అన్నారు.

మర్నాడే నోటుపుస్తకం కొనిపించుకున్నారు. లాకు పేరు, తిథి, నీళ్ళ రుచి అని మూడు గళ్ళు గీసుకున్నారు.

ఉద్యోగంలో ఆయనకి ఒక పద్ధతి ఉండేది. లాకు దగ్గర నీటిమట్టం రోజుకి మూడుసార్లు చూసి రిజిస్టరులో రాయాలి. తను చూసింది సిరాతో రాసేవారు. ఒంట్లో బాగోక ఇంకొకరు చూసొచ్చి చెబితే, పెన్సిల్‌తో రాసి, ఎవరు చెప్పారో పక్కన రాసేవారు. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. "వాళ్ళు అబద్ధమాడారని కాదు, నేను చూళ్ళేదని" అనేవారు.

దొర సంగతులు మాత్రం సిరాతో రాస్తుంటే అడిగాను. "ఇవి మీరు చూశారా?"

"నువ్వు చూస్తున్నావుగా" అన్నారు.

ఆ చలికాలమంతా అలా గడిచింది. లైబ్రరీ గుమస్తాగారు మమ్మల్ని చూడగానే బైండు తెచ్చిపెట్టేవారు. "ఏంటండీ బాబూ, మీ దొర ఇంకా చేరలేదా? నడుచుకుంటా వెళ్ళినా ఈపాటికి చేరిపోవాలండి."

"ఆయ్, రుచి చూసుకుంటా వెళ్ళాలి కదండీ" అనేవారు నాన్న.

ఇంటికి వస్తే అమ్మ. "పెళ్ళాం లేదా ఏంటి ఆ దొరకి, కాలువల్లో నీళ్ళు తాగుతా తిరగడానికి?"

"ఉంటే తిరగనిస్తుందా?"

నరసాపురం ఇంకా రెండు లాకుల దూరం ఉందనగా వచ్చింది తంటా. ఆ వారం పత్రికలో, దొరగారు పడవలో నరసాపురం చేరారని ఉంది. చదివి పేజీ తిప్పబోయాను.

"ఆగు. తిథి చదువు."

వైశాఖ బహుళ పంచమి.

నాన్న కలం మూత పెట్టేశారు. "వైశాఖంలో కాలువ కట్టేసి ఉంటుంది" అన్నారు.

నాకు తట్టనే లేదు. డెల్టాలో పుట్టి పెరిగి, అది మర్చిపోయాను. ఎండాకాలం మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేది ఏరువాక వేళకే. ఈలోగా కాలువలో ఉండేది బురద, ఆ బురదలో చేపలు ఏరుకునేవాళ్ళూను. ఏటా తన చేత్తో తలుపులు దించిన మనిషికి వేరే రుజువు అక్కర్లేదు. ఆ రోజుల్లో కూడా అంతేనా అని అడిగితే, మరమ్మతు ఎప్పుడైనా మరమ్మతే అన్నారు.

దొర అబద్ధం చెప్పాడు. నాన్నకి పత్రిక మీద అనుమానం రాలేదు. నీళ్ళ విషయంలో తప్పు రాసిన మనిషి మరి మిగతా రుచులు మాత్రం చూశాడా, ఇంట్లో కూర్చుని రాశాడా అన్నదే ఆయన బాధ. రెండు ఆదివారాలు లైబ్రరీకి రాలేదు. మోకాలు నొప్పి అన్నారు. పుస్తకం బీరువా మీద పెట్టేశారు.

మూడో ఆదివారం నేనే బతిమాలి తీసుకెళ్ళాను. తర్వాతి వారం సంచిక తీశాను. అన్ని పేజీలూ వెతికాను. దొర ఊసే లేదు. వరి ధరలు, ఒక వేలంపాట, ఎవరో తాసీల్దారుగారి బదిలీ ఉన్నాయి. వేలంపాట ప్రకటన మీద వేలు పెట్టి, చదువుతున్నట్టే చెప్పాను. కాలువ కట్టేసినందున దొరగారు పడవను బండి మీదికి ఎక్కించి, ఎడ్లు కట్టించి, గట్టు వెంబడి నరసాపురం చేర్చారనీ, దారిపొడవునా తాను మాత్రం పడవలోనే కూర్చున్నారనీ.

నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"గొడుగు?"

"కుక్కకే."

"ఎడ్లు ఎన్ని జతలు?"

"రెండు."

"రెండేనా?"

"రెండనే ఉంది" అన్నాను. తలెత్తలేకపోయాను.

గుమస్తాగారు అవతలి బల్ల నుంచి, "చేరాడాండీ?" అని అడిగారు.

"చేరాడండి" అన్నారు నాన్న. ఆ సాయంత్రం అమ్మకి ఆ బండి సంగతి రెండుసార్లు చెప్పారు. రెండోసారి చెప్పేటప్పుడు కుక్క కూడా పడవలో నిలబడింది. నేను గెలిచాననుకున్నాను. ఆ తర్వాత దొర మాట మా ఇంట్లో నవ్వుతూనే వచ్చేది. నాన్న ఆ పుస్తకం మళ్ళీ నాకు చూపించలేదు, నేనూ అడగలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు తెరిచాను. విజ్జేశ్వరం నుంచి ప్రతి లాకూ సిరాతో ఉంది. తిథులు, రుచులు, తామరకాడలు, ఇనుము, ఒకచోట ఏ రుచీ లేదు. చివరి గడి ఒక్కటి పెన్సిల్‌తో రాశారు. గట్టిగా నొక్కి రాయడంతో అచ్చు అవతలి పేజీ మీద పడింది.

"కాలువ కట్టేసి ఉంది. పడవ బండి మీద వెళ్ళింది. ఎడ్లు మూడు జతలు. అమ్మాయి చెప్పింది."

నేను చెప్పింది రెండు జతలే. పడవనీ, అందులో కూర్చున్న మనిషినీ గట్టు మీదికి లాగడానికి రెండు జతలు చాలవు. అది ఆయనకి తెలుసు.