ఎమిల్ తెరిచిన దారి

మా ఉక్కు మిల్లు ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి నేను. నా మీదికొచ్చేవాళ్లను ఢీకొట్టి దారి తెరవడం ఎమిల్ హ్రబాక్ పని. బంతి వాడి చేతికి రాదు. బడిలో నాలుగేళ్లు, మిల్లు జట్టులో పదకొండేళ్లు వాడి వెనకాలే పరిగెత్తాను.

నది అవతలి ఊరితో ఆడిన ఆఖరి ఆటలో ఎదుటివాడు రెచ్చగొట్టాడు.

“ఒరేయ్ బండోడా, ఇవాళ నీ పని అయిపోయింది!”

“అలాగేలే గానీ, కాస్త పక్కకి జరుగు. మావాడొస్తున్నాడు” అన్నాడు ఎమిల్.

బంతి కదిలిందో లేదో, వాణ్ణి పది గజాలు వెనక్కి నెట్టుకుపోయి వెల్లకిలా పడేశాడు. అదే ఊపులో ఇంకొకణ్ణి భుజంతో పడగొట్టాడు. నన్నెవరూ తాకనైనా లేదు. గోల్ గీత దాటి వెనక్కి చూస్తే, పడ్డవాడికి చెయ్యిచ్చి లేపుతున్నాడు ఎమిల్. మర్నాడు పేపర్లో నా ఫొటో వేశారు. అందులో వాడి మోచెయ్యి మాత్రమే పడింది. అంతవరకే కత్తిరించి వాళ్లమ్మ గోడకి అంటించుకుంది.

యాభై మూడో ఏట ఎమిల్ మిల్లు నుంచి ఇంటికి దారి మరిచిపోయాడు. తర్వాత భార్య పేరు మరిచిపోయాడు. ఆటలో ఏళ్ల తరబడి తలకి తగిలిన దెబ్బలే కారణమన్నారు డాక్టర్లు.

ఒక ఆదివారం అతని భార్య వెర్నా ఫోన్ చేసింది. “రేమండ్, తొందరగా రావా? వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నన్ను బయటికి రానివ్వడంలేదు.”

వెళ్లేసరికి మోకాళ్లు వంచి, చేతులు చాపి, చెమటలు కక్కుతున్నాడు.

“ఎమిల్, నేనురా, రేమండ్‌ని.”

“పోవయ్యా! రేమండ్ కుర్రాడు. వాడు దాటేదాకా నేను కదలను.”

“దాటేశాడురా. ఒక్క దెబ్బయినా తగల్లేదు” అన్నాను.

“నిజంగా?” అంటూ చేతులు దించి, అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు.

ఆ చలికాలమే పోయాడు. శవపేటిక మోయడానికి ఎనిమిదిమంది కావాల్సి వచ్చింది. అందరూ వెళ్లాక వెర్నా నా ముందు కాఫీ పెట్టి కూర్చుంది.

“నీకెప్పుడైనా తలనొప్పి వచ్చిందా, రేమండ్?”

ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

“లేదు, వెర్నా. ఎప్పుడూ రాలేదు.”